నొప్పి తగ్గాక తీసిన ఈసీజీ

క్యాజువాలిటీలో నైట్ డ్యూటీ చేసేవాళ్లకి ఒక అలవాటు ఉంటుంది. ఈసీజీ కాగితం చేతికి రాగానే కళ్లు తిన్నగా ఒకచోటికే పోతాయి. ఎస్టీ లేచిందా, లేదా? లేస్తే పరుగు. లేవకపోతే హమ్మయ్య. ఆ ఎస్టీ వెనకాలే తోకలాగా ఇంకో అల ఉంటుంది. దాని పేరు టీ. దాన్ని కూడా చూడాలని ఎంబీబీఎస్‌లో చెప్తారు, పీజీ కోచింగ్‌లో చెప్తారు, ఫోన్లో సీనియర్లు తిడుతూ చెప్తారు. నేనూ చూసేదాన్నే. కానీ ఒక రాత్రి ఒకరి టీ చూశాను, ఇంకొకరిది చూడలేదు. ఇద్దరూ రెండు గంటల తేడాతో వచ్చారు.

అప్పుడు నేను శ్రీకాకుళం జిల్లాలో హైవే పక్కన ఒక ప్రైవేటు ఆసుపత్రిలో డ్యూటీ డాక్టర్‌ని. పీజీ ఎంట్రన్స్ రెండోసారి రాయడానికి పగలు చదువు, రాత్రి డ్యూటీ. నిద్రెప్పుడు అని మాత్రం అడక్కండి. మాఘమాసం, పెళ్లిళ్ల సీజన్. ఊళ్లన్నీ డీజేలతో మోగిపోతున్నాయి.

రాత్రి ఏడున్నరకి ఒకావిడని ఆటోలో తీసుకొచ్చారు. యాభై ఏళ్లుంటాయి. ఎడమ చేతి మీద డయాలసిస్ కోసం వేసిన ఫిస్టులా, తాడులా ఉబ్బి కనిపిస్తోంది. కవిటి వైపు నుంచి వచ్చారు. ఉద్దానం అంటే టీవీలో చూసేవాళ్లకి కిడ్నీ జబ్బులే గుర్తొస్తాయి. అక్కడివాళ్లకి మాత్రం ముందు కొబ్బరి తోటలు, జీడిమామిడి తోటలు, పనస చెట్లు. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, ఆ మండలాల్లో ఇంటికొకరు డయాలసిస్ కార్డు పట్టుకుని తిరగడం ఎందుకు మొదలైందో ఇన్నేళ్లయినా ఎవరూ తేల్చలేదు. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, రీసెర్చ్ సెంటర్ తెరిచారు. నేను చెప్తున్న రాత్రి అంతకుముందుది.

ఆవిడకి కాళ్లు సహకరించడం లేదు. నిలబెడితే కూలబడిపోతోంది. మేనకోడలి పెళ్లి అని ఒక డయాలసిస్ మానేశారట. భర్త తల గోక్కుంటూ చెప్పాడు.

"దాహం దాహం అందమ్మా. నీళ్లు ఎక్కువ తాగొద్దన్నారు కదాని కొబ్బరి బొండాలు రెండు కొట్టిచ్చినాను."

మామూలు మనిషికి కొబ్బరినీళ్లు అమృతం. కిడ్నీలు పనిచేయని మనిషికి మాత్రం అది పొటాషియం. బయటికి పోయే దారి లేక అది రక్తంలోనే పేరుకుంటుంది. నేను ఆయన మాట పూర్తిగా వినేలోపే మా ఈసీజీ టెక్నీషియన్ కాగితం చింపి నా చేతిలో పెట్టాడు. ఆయన్ని అందరం అన్నా అనే పిలుస్తాం. ఇరవై ఏళ్ల సర్వీసు. ఎప్పుడూ ఏమీ అనడు, కాగితం ఇచ్చి పక్కన నిలబడతాడు. ఆ రోజు మాత్రం "మేడమ్, టీలు సూడండి" అన్నాడు.

ఇక్కడ కాస్త ఆగి టీ అంటే ఏంటో చెప్పాలి. లేకపోతే మిగతా కథ మీకు గీతల్లాగే ఉంటుంది.

ఈసీజీలో ఒక్కో గుండె చప్పుడుకీ మూడు ముక్కలు కనిపిస్తాయి. మొదట చిన్న బుడిపె, పీ. గుండె పైగదుల్లో కరెంటు పాకినప్పటిది. తర్వాత సూదిలా లేచే క్యూఆర్ఎస్. కింది గదులు అందుకున్నప్పటిది. ఆ తర్వాత మెల్లగా లేచే గుట్ట, అదే టీ. పనిచేసిన కండరం మళ్లీ తర్వాతి దెబ్బకి చార్జ్ అవుతున్నప్పటి గీత. ఈ అక్షరాలు పెట్టింది నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పనిచేసిన ఐంథోవెన్. 1924లో నోబెల్ వచ్చింది ఆయనకి.

మీ ఫోన్ వాడుతున్నప్పుడు ఏం జరిగినా పెద్దగా పట్టించుకోరు. చార్జింగ్ పెట్టినప్పుడే తేడాలు బయటపడతాయి. పిన్ వదులు, వైరు పాడు, బ్యాటరీ వేడి. గుండె కూడా కొంచెం అలాగే. చార్జ్ అయ్యే ఆ కాస్త సమయంలో దాన్ని కదిలించని విషయం లేదు. రక్తంలో ఉప్పులు, ఆక్సిజన్, వాడే మందులు, ఆఖరికి మెదడులో నరం చిట్లినా టీ మారిపోతుంది. అందుకే టీతో ఇంత తలనొప్పి. ఏదో అయిందని అది తొందరగా చెప్తుంది. ఏమైందో మాత్రం చెప్పదు.

మామూలు టీ రెండు వైపులా ఒకేలా ఉండదు. మెల్లగా ఎక్కుతుంది, గబుక్కున దిగుతుంది. ఆవిడ ఈసీజీలో అలా లేదు. ప్రతి లీడ్‌లోనూ నిటారుగా, మొన తేలి, రెండు వైపులా సమంగా, పాదం ఇరుకుగా. సర్కస్ డేరాలు వరసగా వేసినట్టు. పీ దాదాపు కనిపించడం లేదు. క్యూఆర్ఎస్ వెడల్పవుతోంది. ఇంకాస్త ఆలస్యమైతే అన్నీ కలిసిపోయి ఒకే అల అవుతాయి. ఆ తర్వాత ఏ అలా ఉండదు.

ల్యాబ్ రిపోర్టు రావడానికి ముప్పావుగంట. అంతసేపు ఆగకూడదు. 10 శాతం కాల్షియం గ్లూకోనేట్, మానిటర్ చూస్తూ నెమ్మదిగా ఎక్కించాను. కాల్షియం పొటాషియాన్ని తగ్గించదు, గుండె కండరాన్ని కాసేపు కాపలా కాస్తుంది అంతే. ఆ కాసేపట్లో ఇన్సులిన్, దాంతోపాటు గ్లూకోజు, సాల్‌బ్యుటమాల్ నెబులైజర్ ఇస్తే పొటాషియం రక్తంలోంచి కణాల్లోకి పోతుంది. ఈలోపు డయాలసిస్ టెక్నీషియన్‌ని ఇంటి దగ్గర్నుంచి లేపుకు రావాలి. ఆయనా ఏదో పెళ్లి భోజనంలో ఉన్నాడు, పట్టుబట్టలతోనే వచ్చాడు.

కాల్షియం ఎక్కిన మూడు నాలుగు నిమిషాలకి మానిటర్ మీద క్యూఆర్ఎస్ సన్నబడుతూ వచ్చింది, నా కళ్లముందే. రిపోర్టు వచ్చింది, పొటాషియం 7.8. ఉండాల్సింది 3.5 నుంచి 5. సిస్టర్లు నా వైపు చూసిన చూపు ఇంకా గుర్తుంది. పెద్ద సార్ ఫోన్లో "గుడ్" అన్నారు. ఆయన నోట్లోంచి ఆ మాట రావడం చాలా అరుదు. టీ ఆగమని నేను క్యాంటీన్ నుంచి తెప్పించుకుని (ఈ టీ తాగే టీ) హాయిగా తాగుతున్నాను. అప్పుడు వచ్చాడు రెండో మనిషి.

నలభై ఎనిమిదేళ్లు. ట్రాలీ ఆటోలో కొబ్బరికాయలు తోటల నుంచి లారీల దగ్గరికి చేరవేస్తాడు. జేబులో బీడీకట్ట. తనంతట తానే నడుచుకుంటూ వచ్చి, డాక్టరు కుర్చీ ఎదురుగా కూర్చుని, ఇబ్బందిగా నవ్వాడు.

"ఇప్పుడేటీ నేదు డాక్టరమ్మా. ఇందాక కాయలెత్తుతుంటే గుండెల మీద ఎవులో కూకున్నట్టున్నాది. పావుగంటకి తగ్గిపోనాది. మా ఇంటిది ఊరుకోనేదు, అందుకని వచ్చినాను."

ఇంటావిడ వెనకాలే నిలబడి ఉంది. చేతిలో ఖాళీ సోడా సీసా. గ్యాసేమో అని దారిలో తాగించిందట.

ఈసీజీ తీయించాను. ఎస్టీ లేవలేదు. మెషీన్ పైన ఇంగ్లీషులో తన జ్యోతిషం తాను ప్రింట్ చేసింది. నాన్ స్పెసిఫిక్ టీ వేవ్ అబ్‌నార్మాలిటీ. ఈ మాట ఎంత తరచుగా వస్తుందంటే, మా కళ్లకి అది ఆసుపత్రి గోడ మీద 'నిశ్శబ్దం పాటించండి' బోర్డు లాంటిది. ఉంటుంది, ఎవరూ చదవరు. ట్రొపోనిన్ కార్డు టెస్టు చేస్తే ఒకే గీత వచ్చింది, నెగెటివ్. బీపీ మామూలే. నొప్పి లేదు. పక్క బెడ్ల మీద పెళ్లి భోజనాలు పడక వాంతులతో ముగ్గురు.

అన్న కాగితం ఇచ్చి పక్కన నిలబడ్డాడు.

"మేడమ్, కాసేపాగి ఇంకోటి తీయమంటారా?"

"ఎందుకన్నా, నొప్పి లేదుగా" అన్నాను.

ఆయన తలూపి వెళ్లిపోయాడు. ఆయన ఆ ప్రశ్న ఎందుకు అడిగాడో నేను అడగలేదు. ఇరవై నిమిషాల ముందు ఒక ప్రాణం కాపాడినదాన్ని కదా, నాకు టీ వేవ్స్ తెలుసు.

గ్యాస్ మాత్ర రాశాను. కాగితం కింద, వీలున్నప్పుడు ట్రెడ్‌మిల్ టెస్ట్ చేయించుకోండి అని కూడా రాశాను. జాగ్రత్తగానే ఉన్నాననుకున్నాను. ఆఖరి బస్సు పోతుందేమోనని ఆయన కంగారు, ట్రాలీ తోట దగ్గరే వదిలేసి వచ్చాడట. ఈసీజీ కాగితం నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో బీడీకట్ట పక్కన పెట్టుకుని, దండం పెట్టి వెళ్లాడు.

మూడోరోజు తెల్లవారుజామున అయిదింటికి మళ్లీ వచ్చాడు. ఈసారి నడిచి కాదు. తన ట్రాలీలోనే, గోనెసంచుల మీద పడుకోబెట్టి పక్కింటి కుర్రాడు నడుపుకొచ్చాడు. ఒళ్లంతా చెమట, బూడిద రంగు ముఖం. నా డ్యూటీ ఇంకో మూడు గంటలు ఉంది.

అన్న ఈసీజీ తీశాడు. మొదటిదాంట్లో ఎస్టీ అంతగా లేవలేదు. వీ2, వీ3లలో టీ నిటారుగా లేచి ఉంది. కొత్తగా చూసేవాళ్లెవరైనా ఆ టీలని చూసి ఫరవాలేదనే అనుకుంటారు. అప్పుడు ఆవిడ కొంగుముడి విప్పి మొన్నటి కాగితం తీసింది. చొక్కా ఉతకడానికి తీసినప్పుడు జేబులో దొరికితే దాచిందట. చెమటకి కాస్త మాసి, మడతల దగ్గర చిరిగింది.

రెండూ పక్కపక్కన పెట్టాను.

మొన్నటి కాగితంలో వీ2, వీ3. టీ కొంచెం పైకి లేచి, లేచినట్టే లేచి, గీత కిందకి మునిగింది. అంత స్పష్టంగా. నేను ఆ బొమ్మ వందసార్లు చూశాను. పీజీ మోడల్ పేపర్లలో దాని మీద ఎర్ర బాణం గుర్తు ఉండేది. కింద నాలుగు ఆప్షన్లు ఉండేవి. ఎప్పుడూ తప్పు పెట్టలేదు. ఆయన కాగితం మీద బాణం లేదు, అంతే తేడా.

దాని పేరు వెల్లెన్స్. 1982లో డి జ్వాన్, బార్, వెల్లెన్స్ అనే ముగ్గురు డాక్టర్లు రాశారు, వీళ్లూ నెదర్లాండ్స్ వాళ్లే. ఛాతీనొప్పితో చేరిన 145 మందిలో 26 మందికి వీ2, వీ3లలో టీ ఇలా తిరగబడటం గమనించారు. వాళ్లలో ఆపరేషన్ చేయకుండా మందులతో ఉంచిన 16 మందిలో 12 మందికి కొన్ని వారాల్లోనే గుండె ముందుగోడ మొత్తం దెబ్బతినే హార్ట్ ఎటాక్ వచ్చింది. గుండె ముందుభాగానికి రక్తం తీసుకెళ్లే పెద్ద రక్తనాళం మొదట్లోనే ఇరుకైపోయిందని ఆ టీకి అర్థం.

ఇందులో నన్ను ఇప్పటికీ నిద్రపోనివ్వని సంగతి ఒకటుంది. ఆ టీ నొప్పి ఉన్నప్పుడు కనిపించదు. నొప్పి తగ్గాకే కనిపిస్తుంది. నాళం కాసేపు మూసుకుంటుంది, అప్పుడు నొప్పి. ఏదోలా మళ్లీ తెరుచుకుంటుంది, నొప్పి పోతుంది. రక్తం అందక అలిసిపోయిన కండరం మళ్లీ చార్జ్ అయ్యేటప్పుడు ఆ తిరగబడ్డ టీని గీస్తుంది. తలుపు ఒకసారి మూసి తెరిచారని, మళ్లీ ఎప్పుడైనా మూయొచ్చని. ట్రొపోనిన్ అప్పటికి పెరగకపోవచ్చు, పెరిగినా కొంచెమే. నాళం మళ్లీ మూసుకున్నప్పుడు టీ తిరిగి నిలబడుతుంది. చూడ్డానికి మామూలు అయినట్టు ఉంటుంది, లోపల కొంప మునుగుతూ ఉంటుంది.

నేను "నొప్పి లేదుగా" అన్నాను చూశారా. నన్ను నిమ్మళపెట్టిన ఆ మాటే అసలు గుర్తు.

ఇంకోటి. ట్రెడ్‌మిల్ రాశాను కదా. ఆ టీ ఉన్న మనిషిని ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించకూడదు. బెల్టు మీదే ప్రాణం పోవచ్చు. ఆయన ఎందుకు వెళ్లలేదో తర్వాత అడిగాను. చేతిలో డబ్బుల్లేవట, పెళ్లిళ్ల లోడింగు అయ్యాక చూద్దామనుకున్నాడట. డబ్బు లేకపోవడం వల్ల మంచి జరిగిన సందర్భం నా సర్వీసులో అదొక్కటే.

పది నిమిషాలకి అన్న రెండో ఈసీజీ తీశాడు, నన్ను అడక్కుండానే. వీ1 నుంచి వీ5 దాకా ఎస్టీ సమాధిరాళ్లలా లేచి నిలబడింది. నమలడానికి ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, గడ్డ కరిగించే ఇంజెక్షన్. కార్డియాలజిస్టుకి రెండు కాగితాలూ ఫొటో తీసి పంపాను. ఆయన వెంటనే ఫోన్ చేశారు. మొన్నటి తేదీ ఆయనకి కనిపించింది. తిట్టలేదు. "మొన్న చూసిందెవరు?" అన్నారు. "నేనే సార్" అన్నాను. రెండు సెకన్లు లైన్లో ఏమీ వినబడలేదు. "సరే, ముందు ఇప్పుడు చేయాల్సింది చెయ్యి" అన్నారు.

ఎనిమిదింటికి అంబులెన్స్‌లో విశాఖ పంపాం. నాళం మొదట్లోనే దాదాపు పూర్తిగా పూడుకుపోయి ఉందట, ఆరోగ్యశ్రీ కింద స్టెంట్ వేశారు. బతికాడు. కానీ గుండె పంపింగ్ 35 శాతానికి పడిపోయింది. మామూలుగా 55 పైన ఉండాలి. కొబ్బరికాయల బస్తా ఎత్తే పని ఇక ఆయనకి లేదు.

ఆ తర్వాత నెలరోజులు నేను అతిగా తయారయ్యాను. ఎవరి ఈసీజీలో టీ వంగి కనిపించినా గుండె దడ. ఇంటర్ చదివే అమ్మాయి పరీక్షల టెన్షన్‌తో ఊపిరాడక వస్తే, వీ1, వీ2లలో టీ తిరగబడి ఉందని రాత్రంతా అడ్మిట్ చేశాను. పొద్దున పెద్ద సార్ చూసి నవ్వారు. చిన్నపిల్లల్లో ఆ లీడ్లలో టీ కిందికే ఉంటుంది, కొంతమంది ఆడపిల్లల్లో పెద్దయ్యాక కూడా అలాగే ఉండిపోతుంది, ఏ జబ్బూ కాదు. ఆ అమ్మాయి వాళ్ల నాన్న మాత్రం బిల్లు చూసి నవ్వలేదు.

అప్పుడు అర్థమైంది, టీని చూడకపోవడం ఎంత తప్పో, మనిషిని వదిలేసి టీని మాత్రమే చూడటం కూడా అంతే తప్పు. అదే తిరగబడ్డ టీ, ప్రయాణం చేసొచ్చి కాలు వాచి ఆయాసపడుతున్న మనిషిలో కనిపిస్తే ఊపిరితిత్తుల్లో గడ్డ ఉందేమో అనుకోవాలి. భరించలేని తలనొప్పితో పడిపోయిన మనిషిలో పెద్దగా, వెడల్పుగా తిరగబడితే గుండె కాదు, మెదడు స్కాన్ చేయించాలి. రెండ్రోజుల విరేచనాలతో వచ్చినవాళ్లలో టీ చదునుగా పడుకుంటే పొటాషియం తగ్గినట్టు. ఆఖరికి ఛాతీ మీద బుడగలు ఒక పక్కటెముక పైకి పెట్టినా వీ1, వీ2లలో టీ తిరగబడొచ్చు. ఇది అన్న నేర్పాడు. ఆ రోజు ఎందుకు ఇంకోటి తీయమన్నావని చివరికి ఆయన్ని అడిగాను.

"ఏమో మేడమ్, పేర్లు నాకు తెలీవు. ఇలాంటి టీ ఉన్నోళ్లు మళ్లీ వస్తారు. అది తెలుసు" అన్నాడు.

పొడుగు టీలలోనూ అంతే. కొబ్బరినీళ్లు తాగిన ఆవిడ టీ సన్నగా మొనతేలి ఉంది. హార్ట్ ఎటాక్ మొదలైన తొలి నిమిషాల్లో కూడా టీ పెరుగుతుంది, కాకపోతే పాదం వెడల్పుగా, బొద్దుగా, ముందున్న క్యూఆర్ఎస్‌ని మింగేసేలా ఉంటుంది. ఎస్టీ ఇంకా లేచి ఉండదు. చూడగానే రెండూ ఒకేలా ఉన్నాయే అనిపిస్తుంది. పదిహేను నిమిషాలకోసారి ఈసీజీ తీస్తూ పోతే ఒకటి మారుతూ ఉంటుంది. అందుకే ఇప్పుడు నా దగ్గరికి ఛాతీనొప్పితో వచ్చి, తగ్గిపోయింది వెళ్తానంటే, వాళ్లు నన్ను తిట్టుకున్నా కూర్చోబెడతాను. మూడు ఈసీజీలు. పాతది ఉందా అని అడుగుతాను. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు పోయింది, కాగితం తీసినప్పుడు ఉందా లేదా, ఇది కాగితం మీదే పెన్నుతో రాస్తాను. ఆ ఒక్క ముక్క లేకపోతే ఫొటో చూసే కార్డియాలజిస్టు కూడా గుడ్డివాడే.

ఈ మధ్య కుర్రాళ్లు వచ్చి చేతి వాచీ చూపించి, దీంట్లో ఈసీజీ నార్మల్ అని వచ్చింది మేడమ్ అంటున్నారు. వాచీ తీసేది ఒక్క లీడ్. నేను చెప్పిన వీ2, వీ3 ఛాతీ మీద గుండెకి ఎదురుగా పెట్టేవి. మణికట్టుకి అవి కనబడవు. వాచీ మీద నాకు కోపమేం లేదు, గుండె లయ తప్పితే పట్టుకుంటుంది. ఛాతీ బరువెక్కినప్పుడు మాత్రం దాన్ని నమ్ముకుని ఇంట్లో కూర్చోకండి.

మూడు వారాలకి ఆయన రివ్యూకి వచ్చాడు. భార్య కూడా వచ్చింది. చేతిలో అరకిలో జీడిపప్పు పొట్లం. పలాస సరుకు, మంచి గుళ్లు.

"మీరు పేణం పోసినారు డాక్టరమ్మా" అన్నాడు.

ఆ పొట్లం తీసుకోలేకపోయాను. ఇంట్లో రెండు రాత్రులు రిహార్సల్ చేసుకున్న వాక్యాలేవీ గుర్తురాలేదు. "బాబాయ్, మొదటిరోజు వచ్చినప్పుడే ఈ జబ్బు కాగితంలో ఉంది. నేను చూసుకోలేదు. చూసుంటే అప్పుడే విశాఖ పంపేదాన్ని. గుండె ఇంత దెబ్బతినేది కాదేమో" అన్నాను.

చెప్పొద్దని నాతో ఇద్దరు అన్నారు. ఒకరు ఫ్రెండ్, ఒకరు ఆసుపత్రి మేనేజ్‌మెంట్ మనిషి. ఇద్దరి కారణాలూ వేరు.

ఆయన కాసేపు నేల చూశాడు. తర్వాత అదే ఇబ్బంది నవ్వు. "ఆ పొద్దు మీరు ఉండమన్నా నానుండేవోడినేటి? బస్సుకి ఎల్లిపోదును."

ఉండేవాడో లేదో నాకు తెలీదు. నేను ఉండమనలేదు కాబట్టి ఎప్పటికీ తెలీదు.

ఆవిడ నవ్వలేదు. "పన్నెండు రోజులు విశాపట్నంలో వరండాలో పడుకున్నానమ్మా" అంది. అరవలేదు. పొట్లం బల్ల మీంచి తీసి సంచిలో పెట్టేసుకుంది. నాకు అదే న్యాయంగా అనిపించింది.

వెళ్లేముందు ఆయన సంచిలోంచి గర్వంగా ఒక నల్లటి అట్ట తీశాడు. విశాఖలో ఇచ్చిన ఈసీజీ జాగ్రత్తగా దాచుకుందామని జిరాక్స్ షాపులో లామినేషన్ చేయించాడట. ఈసీజీ కాగితం వేడికి నల్లబడే రకం. లామినేషన్ మెషీన్‌లో పెట్టగానే మొత్తం బొగ్గైపోయింది. లోపల టీ లేదు, పీ లేదు, ఏమీ లేదు. నలభై రూపాయలు తీసుకున్నాడంట ఆ షాపువాడు.

అన్నని పిలిచి కొత్తది తీయించాను. వీ1 నుంచి వీ4 దాకా టీలు తిరగబడే ఉన్నాయి, పాత దెబ్బ తాలూకు మచ్చ. ఇవి ఇంకెన్నాళ్లు ఉంటాయో. రేపు ఏదో ఊళ్లో కడుపునొప్పితో వెళ్తే అక్కడి డాక్టరు వీటిని చూసి హడలిపోవచ్చు, లేదా ఇవి పాతవేలే అని నిజంగా కొత్తగా వచ్చినదాన్ని వదిలేయొచ్చు. పక్కన పెట్టి పోల్చడానికి ఇదొకటి ఉండాలి. వాళ్లబ్బాయి ఫోన్ తీయమన్నాను. బల్ల మీద లైటు కింద పెట్టి, నీడ పడకుండా, పేరూ తేదీ కనబడేలా ఫొటో తీయించాను. కొంగుముడి కాగితం కూడా తీయించాను. ఆ కుర్రాడి గ్యాలరీలో బైక్ ఫొటోలకీ ఎవరిదో పెళ్లి సెల్ఫీకీ మధ్యన రెండు ఈసీజీలు చేరాయి.

వాళ్లు లేచారు. ఆవిడ మాత్రం కదల్లేదు. మాసిన ఆ పాత కాగితం నా బల్ల మీదే ఉంది. దాన్ని నా వైపు జరిపింది.

"ఇందల మీరు సూడందేటో అది సూపీయమ్మా."

పెన్ను మొనతో వీ2 దగ్గర పెట్టాను. లేచి, మునిగినచోట. ఆవిడ వంగి, కళ్లు చికిలించి, చాలాసేపు చూసింది. తర్వాత వేలిగోటితో దాని పక్కన కొలిచింది. రెండు చిన్న గళ్లు కూడా లేదు.

"ఇంతేనా" అంది.